చివరి విస్తరికి పనీర్

పనీర్ మళ్లీ చెదిరిపోయింది.

గరిటె తగిలితే చాలు, మూకుడులో ముక్కలు పొడి పొడి అవుతున్నాయి. స్వరూపకు ఏడుపొక్కటే తక్కువ.

"పాలు నేనే ఇరగ్గొడితి. బట్టల కట్టి రాయి కింద నేనే పెడితి. జర గట్టిగుంటే దీని సొమ్మేం పోతది?" అని మూకుడునే తిట్టింది.

ఆడబిడ్డ ఉమారాణి నవ్వు ఆపుకుంది.

"నిన్న పాలకూరల మంచిగనే ఉండె కద వదినా."

"నిన్న తిన్నది మీ అన్న ఒక్కడే. ఇయ్యాల భిక్షకు వచ్చేది గురుస్వామి!"

భర్త కృష్ణకాంత్ అయ్యప్ప మాల వేసుకున్నప్పటి నుంచి ఆమెకు ఇదే గోల. ముక్క లేనిదే ముద్ద దిగని మనిషాయె. మాలలో మాంసం కుదరదు గనుక పనీర్ మీద పడ్డాడు. మధ్యాహ్నం టమాటలో పనీర్, మాపటికి చపాతీలోకి పనీర్. ఉల్లి వద్దు, ఎల్లిపాయ వద్దు, రుచి మాత్రం రావాలి! పైగా కట్టుకున్న మొగుణ్ని "స్వామీ" అని పిలవాలి.

అయినా చేస్తోంది. పోయినేడు సాగర్ రోడ్డు మీద కాలు విరిగి, నెత్తి పగిలి, ఇక దక్కడనుకున్న మనిషి దక్కాడు. ఆ మొక్కే ఈ మాల. ఈ ఒక్క భిక్షలో ఏ లోటూ రాకూడదని ఆమె పంతం.

మధ్యాహ్నం నందికొండ నుంచి తిరుమలగిరికి గురుస్వామి వచ్చాడు. వెంట స్వాములు వచ్చారు. చెప్పినదాని కన్నా ఒకరు ఎక్కువే వచ్చారు.

"ఎవరే గా స్వామి?" అని స్వరూప ఉమారాణి చెవిలో అడిగింది.

"ఏమో వదినా. నల్లబట్టలు, గడ్డం, నొసట గంధం. అందరు ఒక్కతీరే ఉన్నరు. పేరు అడుగుదమంటే అందరు స్వామే."

"పిలవనోళ్లు వస్తే ముక్కలు యాడికెల్లి తేవాలె?"

గురుస్వామి విస్తరిలో మంచి ముక్కలు ఏరి వేసింది. మిగతా వాళ్లకు తలా కొన్ని వేసింది. కొసన కూర్చున్న ఆ పిలవని స్వామి దగ్గరికి వచ్చేసరికి గిన్నెలో గ్రేవీయే మిగిలింది.

ఆయన తన విస్తరి చూసుకోలేదు. ఎదుటి వరుసలో కాలు చాపుకొని కూర్చున్న కృష్ణకాంత్ మోకాలి వంకే చూస్తున్నాడు.

"ఆ స్వామికి కాలు మడవరాదా మాతా?"

"రాదు."

"నడుస్తడా?"

"నడుస్తడు. జర కుంటుతడు."

"కట్టె లేకుండనేనా?"

ఏం మనిషి! వచ్చినవాడు తిని పోక, ఈ ఆరాలేంటి? స్వరూపకు ఒళ్లు మండింది.

"కట్టె లేకుండనే. ఒక ఆటోవాడు గుద్ది గిట్ల చేసిండు స్వామీ. వాని చేతులు పడిపోను! దవాఖాన కాడ మా అన్న తన్నిండు, నేను చెప్పు తీసుకొని కొట్టిన. ఏడ్సుకుంట వాని మొఖం గూడ సక్కగ చూడలె. ఉరికిపాయె గని, లేకుంటే ఆన్నే పాతిపెడుతుంటిమి."

ఆయన తల వంచుకొని అన్నం కలిపాడు.

ఉమారాణి వంటింట్లోంచి, మూకుడు అడుగున దొరికిన రెండు ముక్కలు తెచ్చింది. ఎంతైనా భిక్షకు కూర్చున్న మనిషి కదా అని స్వరూప గరిటె వంచింది.

ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకొద్దు మాతా. ఆ స్వామికెయ్యి. పాలతోటి చేసింది, బొక్కకు బలమైతది."

నా మొగుడికి ఏం పెట్టాలో నాకు ఈయన చెప్పాలా? ముక్క వేయలేదని ఎత్తిపొడుపా?

"మా స్వామికి నేను రోజు పెడుతనే ఉన్న. తింటే తినుండ్రి, లేకుంటే లేదు," అనేసింది.

"స్వామి శరణం," అన్నాడాయన.

గ్రేవీతోనే అన్నం తిని, విస్తరి తీసి, బస్సు టైమైందని అందరికన్నా ముందే లేచాడు. పోయేవాడు పోక, కృష్ణకాంత్ లేచి చెయ్యి కడుక్కోవడానికి నడిచేదాకా గడప దగ్గరే నిలబడ్డాడు. అదీ ఆమెకు నచ్చలేదు.

ఆయన వీధి మలుపు తిరగ్గానే "పీడ పోయింది," అనుకుంది.

భోజనాలయ్యాయి. ఆశీర్వాదం ఇవ్వడానికి గురుస్వామి అక్షింతలు తీసుకున్నాడు.

"స్వామి స్వామి అనుడే గని నీ పేరు తెల్వదాయె. పేరు చెప్పు స్వామీ."

"కృష్ణకాంత్, స్వామీ."

గురుస్వామి చెయ్యి ఆగిపోయింది.

"తిరుమలగిరి కృష్ణకాంత్ అంటే... నువ్వేనా?"

"నేను మీకెట్ల ఎరుక స్వామీ?"

"మా పీఠం కాడ ఒక స్వామి రోజు నీ పేరు మీదనే అర్చన చేయిస్తడు. నీకు సుట్టమా అంటే కాదన్నడు. తిరుమలగిరిల కాలిరిగిన స్వామి ఇంట్ల భిక్ష అనంగనే పిలవకున్నా మా బండెక్కిండు. ఎందుకో ఇప్పుడు సమజైంది."

స్వరూప ముందుకు వచ్చింది.

"కొసన కూసున్నాయనేనా?"

"ఆయనే."

ఆమె వాకిట్లోకి ఉరికింది. వీధిలో ఎవరూ లేరు. బస్సు హారన్ ఊరి బయట ఎక్కడో వినిపించింది.

కూర గరిటె చేతిలో పట్టుకొనే వెనక్కి వచ్చింది.

"ఆయన ఎవరు స్వామీ?"

"ఆటో నడుపుతడు మాతా. లారీ గుద్దిపోతే, రోడ్డు మీద అందరు నిలవడి వీడియోలు తీస్తుంటే, నీ పెనిమిటిని ఒక్కడే ఎత్తి దవాఖానకు తెచ్చిండు. పాపం, గుద్దింది ఆయనే అనుకొని అక్కడ ఎవరో ఆడమనిషి చెప్పుతోని కొట్టిందట."