నా ఫోటో ఉంచుకోండమ్మా

“అమ్మా, పాప వీడియో తీసేయండి. వెంటనే.”

ముఖం లేని ఏదో ఖాతా నుంచి వచ్చిన ఆ మెసేజ్ చూసి చిలక వాళ్ళమ్మకు ఒళ్ళు మండింది.

చిలకకు ఆరేళ్ళు. అది పళ్ళు తోముకున్నా వీడియోనే, అలిగి మూల కూర్చున్నా వీడియోనే. ‘చిలక పలుకులు’ అంటే పడి చచ్చేవాళ్ళు నలభై వేల మంది ఉన్నారు. వాళ్ళలో నలుగురి ముఖాలైనా ఆ తల్లికి తెలియవు, అది వేరే సంగతి.

నిన్నటి వీడియో మరీ ముద్దొచ్చింది.

“మా బళ్ళో ప్రతి ఇంటికీ ఒక సీక్రెట్ మాట ఉంటుంది. ఆ మాట చెప్పినవాళ్ళతోనే మా ఆయా పిల్లల్ని గేటు దాటనిస్తుంది. మాది తాబేలు. ష్... ఎవ్వరికీ చెప్పకూడదు!” అని యూనిఫాంలో నిలబడి, పెదవుల మీద వేలు పెట్టుకుని మరీ చెప్పింది చిలక.

చూసినవాళ్ళంతా విరగబడి నవ్వారు.

“మీరెవరు?” అని టైప్ చేసింది తల్లి.

“ఎవరైతే ఏంలెండి. పాప ఆ మాట చెప్పేసింది. చొక్కా మీద బడి పేరు కూడా కనిపిస్తోంది.”

“మా పిల్ల, మా ఇష్టం” అని జవాబిచ్చి, ఆ ఖాతాను బ్లాక్ చేసి పారేసింది.

మర్నాడు చిలకను బడిలో దింపి వచ్చేసరికి ఇంటి ముందు ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. మాసిన చొక్కా, చేతిలో గుడ్డసంచి.

“ఆ మెసేజ్ పెట్టింది నేనేనమ్మా.”

ఆమె గబుక్కున గేటుకు అడ్డంగా నిలబడింది.

“మా ఇల్లు మీకెలా తెలిసింది?”

“మీ వీడియోల్లోనే ఉందమ్మా. నీలం గేటు, ఎదురుగా మందుల షాపు బోర్డు. చూపు సరిగ్గా ఆనని నాకే అరగంటలో దొరికిందంటే...”

“ఇక్కణ్ణుంచి కదుల్తారా, పోలీసుల్ని పిలవమంటారా?”

ఆమె ఫోన్ తీసి ఆయన ముఖానికి ఎదురుగా పట్టుకుంది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోబోయాడు. అంతలోనే ఎందుకో దించేశాడు.

“నా ఫోటో ఉంచుకోండమ్మా. పాపది తీసేయండి.”

ఆమె రెండూ ఉంచింది.

“తల్లులూ, జాగ్రత్త! ఈ ముసలాడు మా చిలక వెంట పడుతున్నాడు” అని రాసి, కింద తన ఫోన్ నంబరిచ్చి ఆ ఫోటో పెట్టింది. మధ్యాహ్నానికల్లా ఆయన ముఖం ఊరంతా తిరిగింది. ధైర్యం చెప్పేవాళ్ళు, ఆయన్ను తిట్టేవాళ్ళు వందల కొద్దీ వచ్చిపడ్డారు. వాళ్ళకు జవాబులిస్తూ కూర్చోవడంతో బడికి వెళ్ళడం పావుగంట ఆలస్యమైంది.

ఆమెను చూసి ఆయా ఆశ్చర్యపోయింది.

“మీ చెల్లెలొచ్చి తీసుకెళ్ళిందిగా అమ్మా?”

“నాకు చెల్లెళ్ళే లేరు!”

“తాబేలు అని చెప్పిందమ్మా. పాపను చిలకా అని కూడా పిలిచింది...”

ఆమె వెంటనే పోలీసులకు చెప్పింది. కనిపించిన ప్రతివాళ్ళనూ అడుగుతూ పిచ్చిదానిలా వీధులన్నీ తిరిగింది.

గంట తర్వాత ఫోన్ మోగింది. ఎవరో కుర్రాడి గొంతు.

“అక్కా, చిలక దొరికింది! బస్టాండులో ఉన్నాం. మీరు ఫోటో పెట్టారే, ఆ ముసలాడే. పాప చెయ్యి పట్టుకుని ఉన్నాడు. చూడగానే గుర్తుపట్టాం. అందరం కలిసి వాడికి బాగా బుద్ధి చెప్పాం!”

ఆమె వెళ్ళేసరికి చిలక ఒక పోలీసాయన పక్కన నిలబడి ఉంది. దాని చొక్కా చేతి మీద రక్తపు మరకలున్నాయి. ఆ రక్తం దానిది కాదు.

“వాడు నిన్నేం చేశాడమ్మా?”

“తాతేం చెయ్యలేదు. ఆ ఆంటీ నన్ను బస్సెక్కిస్తుంటే వచ్చి పట్టుకున్నాడు. ఆంటీ గట్టిగా అరిచింది. అందరూ వచ్చి తాతను కొట్టారు. ఆంటీ వెళ్ళిపోయింది. ఎంత కొట్టినా తాత నా చెయ్యి వదల్లేదమ్మా.”

తల్లి దాన్ని దగ్గరకు లాక్కుంది.

“తాతేడీ?” అంది చిలక.

పోలీసాయన దాని తల నిమిరి, తల్లికి మాత్రమే వినపడేలా చెప్పాడు. “ఆసుపత్రికి చేర్చేలోపే పోయాడమ్మా.”

ఆమె ఆ ఫోటో తీసేసింది. చిలక వీడియోలన్నీ తీసేసింది. తీసేస్తే మాత్రం పోతాయా? ఎవరెవరి ఫోన్లలోనో దాక్కుని రోజుకోసారి తిరిగొస్తూనే ఉన్నాయి. ఎక్కడ చూసినా ఆయనే. అడ్డం పెట్టుకోబోయి దించేస్తున్న చేత్తో ఆమెవైపే చూస్తున్నాడు. ఫోన్ మోగితే చాలు, ఆమె ఉలిక్కిపడుతోంది.

వారం తర్వాత సంతకం పెట్టడానికి స్టేషనుకు వెళ్ళినప్పుడు, ఆ పోలీసాయనను అడిగింది.

“ఎవరండీ ఆయన?”

“మా అందరికీ తెలిసినాయనే. తొమ్మిదేళ్ళుగా రోజూ ఆ బస్టాండులోనే కూర్చునేవాడు. ఆయన మనవరాలిని ఎవరో అక్కడే బస్సెక్కించుకుని పోయారు.”

“దొరికిందా?”

“లేదు.”

పోలీసాయన సొరుగు లాగి, ముసలాయన ఫోన్ తీసి చూపించాడు. అందులో మూడు వందల మందికి పైగా తల్లులకు పంపిన ఒకే మెసేజ్ ఉంది. ‘అమ్మా, పాప వీడియో తీసేయండి.’

ఆ మెసేజ్‌లన్నిటి వెనకా ఫోన్ తెర మీద ఒకే ఒక్క ఫోటో. కొత్త యూనిఫాంలో నవ్వుతున్న ఒక చిన్నపిల్ల. చొక్కా మీద బడి పేరు స్పష్టంగా కనిపిస్తోంది.

“ఈ ఫోటో అప్పట్లో నెట్‌లో ఎవరు పెట్టారు?” అంది ఆమె.

“మనవరాలు బడికెళ్ళిన మొదటి రోజున, మురిసిపోయి పెట్టింది ఆయనేనమ్మా” అన్నాడు పోలీసాయన.