గలగల లేని స్పీకర్లు

“ఒంటిగంటకి వ్యాను వస్తుంది. ఈలోగా నీ తలుపులు రెండూ సరిగ్గా పాడాయా సరే, లేదా వచ్చిన దారినే పోతాయి,” అంది ఎవాంథియా.

ఆవిడ తలుపులంటున్నది స్పీకర్లని. నిజానికి అలాగే ఉన్నాయి. మనిషి కన్నా ఎత్తు, తలుపు చెక్కంత మందం. లోపల మామూలు స్పీకర్లకుండే గిన్నె ఉండదు, పల్చటి పొర ఒకటి వణుకుతూ పాడుతుంది. వాటికి చోటివ్వడం కోసం ఎవాంథియాకున్న అద్దాల బీరువా కాస్తా బాల్కనీలోకి వెళ్లింది. ఇంత చేస్తే, డోలు వినిపిస్తోంది, గొంతు వినిపిస్తోంది, ఆ పైన ఉండాల్సిన గలగల మాత్రం లేదు. తాళాలు వాయిస్తుంటే ఎవరో గోనెసంచీలో కూర్చుని వాయిస్తున్నట్టుంది. నచ్చకపోతే పద్నాలుగు రోజుల్లో వెనక్కివ్వచ్చని కొట్టువాళ్లు చెప్పారు. ఇవాళ పద్నాలుగోరోజు.

ఆవిడ మొగుడు ఆర్గిరిస్ గ్రీసులో వోలోస్ అనే ఊళ్లో, రేవు దగ్గర మందులషాపు నడుపుతాడు. ఎవరికే జబ్బొచ్చినా ముందు అతన్నే అడుగుతారు. ఈ జబ్బుకి మాత్రం అతను స్త్రాటిస్ మాస్టారిని పిలిచాడు.

డెబ్భై తొమ్మిదేళ్ల మాస్టారు నలభై ఏళ్లు రేడియోలో సౌండు చూశారు. చూపు సరిగ్గా ఆనదు, ఆ లోటంతా చెవులు తీర్చేశాయి. మెట్లెక్కుతూ రెండో అంతస్తు తలుపు తట్టి, “అమ్మా, మీ ఫ్రిజ్ మోటారు ఇంకో వారం కన్నా ఆడదు,” అని చెప్పి మరీ వచ్చారు.

కాఫీ ఓ గుక్క తాగి, “పెట్టు,” అన్నారు.

ఆర్గిరిస్ సంతూరు రికార్డు పెట్టాడు. మాస్టారు కళ్లు మూసుకున్నారు. ఆర్గిరిస్ ఊపిరి బిగబట్టాడు.

“ట్రెబుల్ లేదు.”

“ఆహా!” అన్నాడు ఆర్గిరిస్.

“ఏంటి ఆహా? రెండు వారాల్నించి నువ్వూ అదేగా అంటున్నావు!” అంది ఎవాంథియా.

“నేనన్నాను. ఆయన కనిపెట్టారు.”

మాస్టారు ఎవాంథియా వైపు తిరిగారు. “అమ్మాయ్, ఆ నీళ్ల గ్లాసులో చెంచా ఓసారి ఆడించు.”

ఆడించింది. టింగుమంది.

“గది బాగానే ఉంది. గలగలని మింగేది గదైతే దీన్నీ మింగేది.”

ఒక్క చెంచాతో తేల్చేశారు! రెండు వారాలుగా కర్టెన్లని తిడుతున్న ఆర్గిరిస్ ఇప్పుడు కర్టెన్ల వైపు చూడలేకపోయాడు.

మాస్టారు స్పీకరు వెనక్కి వెళ్లి గోరంత ఫ్యూజు తీసి, తను తెచ్చుకున్న మీటరు పెట్టారు. కీచుమంది. “బతికే ఉంది.” తర్వాత వేళ్లతో తడిమారు. “ట్రెబుల్ తగ్గించడానికి ఇక్కడో రెసిస్టరు పెడతారు. కొట్టువాళ్లు మర్చిపోయి వదిలేస్తుంటారు. అదీ లేదు. సరే, ఈ గలగల పలికే సన్నగొంతు పట్టీ ఎటుంది, లోపలికా, బయటికా?”

“బయటికండీ.”

“లోపలికుండాలి, ఒకదానివైపు ఒకటి. కుడిది ఎడమకి, ఎడమది కుడికి మార్చండి.”

మొగుడూ పెళ్లాం చెరోవైపూ పట్టుకున్నారు. “మెల్లిగా, మెల్లిగా! గోడ తగుల్తుంది!” అన్నాడు ఆర్గిరిస్.

“నన్ను పురుటికి తీసుకెళ్లినప్పుడు కూడా ఇంత జాగ్రత్త పడలేదయ్యా నువ్వు.”

మార్చాక మళ్లీ పెట్టారు. గోనెసంచీ మూతి కొంచెం తెరుచుకున్నట్టుంది, అంతే. గోడగడియారం పన్నెండూ ముప్పావు చూపిస్తోంది. ఆర్గిరిస్ మొహం పీక్కుపోయింది.

మాస్టారు స్పీకరు ముందుకొచ్చి, జ్వరం చూసే డాక్టరులా అరచెయ్యి ఆనించారు. పాట నడుస్తుండగానే చెయ్యి కిందికీ పైకీ జరిపారు. తర్వాత చూపుడువేలి గోరుతో గీరారు. కరకరమంది.

“ఇదేంటబ్బాయ్?”

“నైలాన్ కవరండీ. కంపెనీదే. దాంతోనే వచ్చింది.”

“ఎందుకు తియ్యలేదు?”

ఆర్గిరిస్‌కి ప్రశ్న అర్థం కాలేదు. “కొత్తవి కదండీ.”

సోఫాకి కవరుంది, టీవీ రిమోట్‌కి కవరుంది. బాల్కనీలో బీరువాకి రెండు కవర్లున్నాయి. ఆ ఇంట్లో కవరు తీశారంటే ఆ వస్తువు పని అయిపోయినట్టే.

“నోటికి గుడ్డ కట్టి పాడమంటే ఏం పాడతాయిరా? తియ్యి!”

“చింపకండి మాస్టారూ, నేనే తీస్తాను!”

ఆర్గిరిస్ టేపు ఒక్కొక్కటీ గోటితో లేపాడు. పుండు మీద కట్టు విప్పుతున్నంత నెమ్మదిగా, చిన్న చిరుగైనా లేకుండా రెండు కవర్లూ వలిచాడు. మళ్లీ సూది ఆనించాడు.

గదిలో వాన కురిసింది. సంతూరు తీగ మీద ప్రతి దెబ్బా విడివిడిగా రాలింది. తాళాలు గలగలమన్నాయి. గాయని పల్లవి ఎత్తుకోబోతూ తీసుకున్న ఊపిరి కూడా వినిపించింది. వంటింట్లోంచి వచ్చిన ఎవాంథియా తడిచేతులు తుడుచుకోవడం మర్చిపోయి సోఫాలో కూలబడింది.

కిందినించి బెల్లు మోగింది.

“వ్యానువాణ్ణి పొమ్మను. బీరువా బాల్కనీలోనే బాగుంది,” అంది.

ఆర్గిరిస్ మాస్టారి రెండు చేతులూ పట్టుకున్నాడు. “కంపెనీవాళ్లు ఫోన్లో పద్దెనిమిది ప్రశ్నలు వేశారండీ. ఈ ఒక్కటీ తట్టలేదు వాళ్లకి! ఏం చెవులండీ మీవి!”

“వాళ్లది జర్మనీరా. కవరు తియ్యని ఇళ్లుంటాయని వాళ్లకెలా తడుతుంది?”

ఎవాంథియా లేచి నైలాన్ కవర్లు రెండూ ఉండచుట్టి చెత్తబుట్టలో పడెయ్యబోయింది.

“అయ్యయ్యో, పారెయ్యకమ్మా!” మాస్టారు కుర్చీలోంచి లేచిపోయారు. “మడతపెట్టి ఇలా ఇవ్వు. మా ఇంట్లోనూ ఇవే స్పీకర్లు. పన్నెండేళ్లు కొత్తవాటిలా కాపాడుకొచ్చాను, మొన్ననే కవరు చిరిగిపోయింది!”