పేరు లేని చరణం

“శుక్రవారం మెస్‌లో మా బాపూ పేరు మీద కూర్చుంటున్నాం, దేవయ్యా భాయ్. నువ్వు పాడాలి,” అన్నాడు బల్బీర్ తలపాగా చుట్టుకుంటూ.

దేవయ్య చేతిలో చాయ్ గ్లాసు నోటి దాకా వచ్చి ఆగిపోయింది. “ఏ పాట?”

“నీ పాటే. అందరూ పాడుకునేది.”

ఒమన్‌లోని రుసైల్ లేబర్ క్యాంపులో ఆ రూములో ఇద్దరు తెలుగువాళ్లు, ఒక పంజాబీ. మాటలు హిందీలోనే. బల్బీర్ క్రేన్ నడుపుతాడు. అతను బాపూ అనే తండ్రి గుర్దిత్ సింగ్ పంజాబ్‌లో పల్లెపాటల గాయకుడు. యాభై ఏళ్లు మేళాల్లో పాడి, పోయిన వారమే కన్నుమూశాడు. కొడుక్కి లీవు దొరకలేదు.

డ్యూటీ బస్సు ఎక్కాక దేవయ్య రూములోని రెండో తెలుగువాడు భూమేశ్ చెవిలో గుట్టు విప్పాడు.

“ఆ పాట నాది కాదు భూమేశ్. బల్బీర్ వాళ్ల నాయినది. రోజూ ఫోన్ల పెడుతుంటే నోటికెక్కింది. మాటలు మార్చి, డప్పు దెబ్బ మార్చి నాదని పాడిన.”

“గట్లనా? మరి దార్సైట్‌ల మన తెలుగోళ్ల సభల శాలువా కప్పి అడిగినప్పుడు నేనే కట్టిన అంటివి గదన్న.”

“అంటి. సిగ్గిడిచి అంటి.”

భూమేశ్ గొంతు తగ్గించాడు. “మనూళ్ల పెండ్లిళ్లకు డీజేల గదే పెడుతున్నరు. ఇప్పుడు చెప్తే ఇజ్జత్ పోతది. సర్దార్‌కు మన భాష రాదు, ఏం గుర్తువడ్తది? ఊకో.”

ఊరుకోవడం అంత తేలికైతే లోకంలో సగం మందికి నిద్ర బాగా పట్టేది. దేవయ్య నాలుగు రోజులూ తేలు కుట్టిన దొంగలా గడిపాడు. బల్బీర్ పెట్టిన రొట్టె తినలేడు, వద్దనలేడు.

పాట కట్టినవాడు చివరి చరణంలో తన పేరు పెట్టుకోవడం తెలుగులోనూ ఉంది, పంజాబీలోనూ ఉంది. గుర్దిత్ సింగ్ పాటలన్నింటి చివరా “గుర్దిత్ చెబుతున్నాడు” అని వస్తుంది. ఈ ఒక్క పాటలో రాదు. బస్సులో సీటు ఖాళీ కనబడితే కూలబడ్డట్టు, దేవయ్య అక్కడ తన పేరు ఇరికించాడు. చచ్చిపోయిన మనిషి ఫొటో ముందు ఆ పేరు ఏ నోటితో పలకాలి?

శుక్రవారం మెస్ నిండిపోయింది. గోడకు ఆనించిన ఫొటోకు దండ వేశారు. తన వంతు వచ్చేలోగా దేవయ్య, బల్బీర్‌ను వంట రూము వెనక్కి పిలిచాడు.

“నేను పాడలేను భాయ్. ఆ బాణీ మీ బాపూది. దొంగతనం చేశాను. నా పేరు కూడా పెట్టుకున్నాను. లోపలికెళ్లి అందరి ముందూ చెప్తాను. తర్వాత కొడతావో, రూము మారమంటావో నీ ఇష్టం.”

బల్బీర్ ముఖంలో ఆశ్చర్యం లేదు. “నువ్వు పాడిన మొదటి రోజే తెలుసు. ఆ రోజే ఫోన్‌లో బాపూకి వినిపించాను.”

దేవయ్యకు ఉన్నచోటే నేల విచ్చితే బాగుండనిపించింది. “ఏమన్నారు?”

“ఏ భాష అని అడిగాడు. తెలుగు అన్నాను. మళ్లీ పెట్టమన్నాడు. ఆ రోజు బాపూ రొట్టె ముట్టలేదట.”

“అంత కోపం వచ్చిందా?”

“పోయే ముందు నన్ను కోరాడు. తన పేరు మీద కూర్చున్న రోజు ఆ పాట నువ్వే పాడాలి. తన తరఫున నేను నీకు దండం పెట్టాలి.” బల్బీర్ నిజంగానే చేతులు జోడించాడు.

దేవయ్య ఆ చేతులు పట్టుకుని కిందికి దించేశాడు. “నాకెందుకు? తప్పు చేసింది నేను.”

“పదిహేడేళ్లప్పుడు బాపూ దూరాన కాలువ తవ్వే పనికి కూలీగా వెళ్లాడు. అక్కడి నుంచి వచ్చి పాడిన మొదటి పాట అదే. దాంతోనే పేరొచ్చింది. కానీ దాని చివర తన పేరు పెట్టుకునే ధైర్యం పోయేదాకా రాలేదు.”

“ఎందుకు?”

బల్బీర్ తల దించుకున్నాడు.

“అది అక్కడ బాపూ పక్కన మట్టి మోసిన తెలుగామె పాట.”