ధనమ్మ ఇంటి మోకాలు

పొద్దువాలేసరికి తుపాను తీరం దాటుతుందని తెలియగానే నూకరత్నం ఆవకాయ జాడీకి వాసెన కట్టి పరుపుల మధ్య కుదురుగా పెట్టింది. గ్యాసు బండను మంచం కోడుకు కట్టింది. మొగుడు పోలయ్య గుమ్మం ముందు కొబ్బరికాయ కొట్టాడు. ఇల్లు నాలుగు కాళ్ల మీద లేచి నిలబడింది. ఉప్పాడలో ఇళ్లకు కాళ్లొచ్చి చాలా కాలమైనా, కాయ కొట్టకుండా ఇల్లు లేపే ధైర్యం ఎవరికీ లేదు.

వీధిలో ఇళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి మెట్టదారి పట్టాయి. పక్కింటి ధనమ్మ ఇల్లు మాత్రం లేవబోయి, ఉప్పుగాలికి తుప్పెక్కిన మోకాలు పట్టేసి చతికిలబడింది.

ధనమ్మతో నూకరత్నానికి మాటల్లేవు. కిందటి తుపాను తర్వాత తిరిగొచ్చినప్పుడు ఆ ఇల్లు నేరుగా వీళ్ల మునగచెట్టు మీద కూర్చుంది. ఇల్లే కింద చూసుకోలేదంది ధనమ్మ, అంతే.

"చూత్తా కూకున్నావేటి? మా ఇంట్లోకొచ్చెయ్!" అని అరిచింది నూకరత్నం.

"దీన్నొదిలేసి ఎలా రాను? ఒక్కత్తీ బెంగెట్టుకుంటది," అంది ధనమ్మ కిటికీలోంచి.

పోలయ్య గొణుక్కుంటూ పడవ మోకు తెచ్చి రెండిళ్లనీ కలిపి కట్టాడు. ముందు ఇల్లు మూలుగుతూ లాగింది, వెనకది కుంటుతూ కదిలింది. దారి పొడవునా ఆడవాళ్లిద్దరూ చెరో కిటికీలో మూతి ముడుచుకుని కూర్చున్నారు.

మెట్ట మీద, వానలో, ఇళ్లు పక్కపక్కన చేరాక ధనమ్మ చెయ్యి చాపి తడిగుడ్డ మూట అందించింది. అందులో మునగకొమ్మ, చిగురేసి ఉంది.

"నీ చెట్టుదే. ఈసారి అటేపు నాటుకో," అంది ధనమ్మ. "మాది మళ్లీ చూసుకోదు."