చిన్నమ్మలుకి వైద్యం

ముందుగా ఒక మాట. యాభై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. తప్పులుంటే మన్నించండి. చెయ్యి నెమ్మది, ఈ చిన్న కథకే నెల పట్టింది.

"ఆవిణ్ణి అడుగుతున్నానండీ, మిమ్మల్ని కాదు," అంది మానసిక వైద్యురాలు డాక్టర్ తబిత, మూడోసారి.

తాతబ్బాయి ఆగలేదు. "మా ఆడదానికి సెప్పడం రాదండి. నేను సెప్తాను కదా. ఉన్నట్టుండి గుండె దడదడలాడిపోతాది. ఊపిరందదు. సేతులు తిమ్మిరెక్కిపోతాయి. ఇంక పోయేననే అనిపిత్తాది."

చిన్నమ్మలు గోడకున్న ఫ్యాను కేసి చూస్తూ కూర్చుంది.

"ఏమ్మా, నిజమేనా?"

"ఆయన సెప్పినట్టేనండి."

"ఎన్నాళ్ళ నుంచి?"

చిన్నమ్మలు మొగుడి వంక చూసింది.

"ఇనాయక సవితి ఎల్లిన కాడ నించండి," అన్నాడు తాతబ్బాయి.

"మరి ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

"ఈ మెట్లెక్కితే జనం పిచ్చనేత్తారు కదండీ. మార్కెట్లో తెలిత్తే నేను తలెత్తుకోగలనా?"

డాక్టరు చిన్నమ్మలు జబ్బకి పట్టీ చుట్టి బీపీ చూసింది. నూట ఇరవై, ఎనభై. నాడి కూడా నిమ్మళంగా కొట్టుకుంటోంది.

"ఇప్పుడు బాగానే ఉంది."

"ఇప్పుడు రాలేదు కదండీ! వత్తే సూడాలి. నాలుగుసార్లు ఈసీజీ తీయించేం. గుండెకేటీ లేదంతారు. నక్కపల్లి బస్సెక్కితే సగం దారిలో దిగిపోవడమే. మొన్న బెల్లం మార్కెట్లో దిమ్మలు తూత్తావుంటే కాటా కాడే..."

"ఎవరు తూస్తుంటే?"

తాతబ్బాయి తడబడ్డాడు. "నేనేనండి. కాటా పని నాది. ఇది కేరేజీ అట్టుకొచ్చింది."

చిన్నమ్మలు గట్టిగా నిట్టూర్చింది.

"మీరు కాసేపు బయట కూర్చోండి. నేను ఆవిడతో విడిగా మాట్లాడాలి."

"కదలనండి!" తాతబ్బాయి కుర్చీ చేతులు పట్టుకున్నాడు. "దీంతో నా పని పోయేలాగుంది. ఈ నెల్లో అయిదుసార్లు కాటా ఒగ్గేసి ఇంటికి పరిగెట్టేను. ఇంకోపాలి ఎల్తే మరి రావద్దన్నాడు షావుకారు. ఏదో ఒకటి సెయ్యండి, తల్లీ."

డాక్టరు అతన్ని వదిలేసి చిన్నమ్మలు వైపు తిరిగింది. "ఇది గుండెజబ్బు కాదమ్మా. పిచ్చి అసలే కాదు. ప్యానిక్ ఎటాక్ అంటారు. ప్రాణం పోతున్నట్టే ఉంటుంది, కానీ పోదు. మందుంది, తగ్గుతుంది. వచ్చినప్పుడు నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. ఏదీ, చెయ్యి."

చిన్నమ్మలు పీల్చింది. పక్కన తాతబ్బాయి కూడా కళ్ళు మూసుకుని పీల్చాడు.

"మీరెందుకండీ?"

"దానికి గుర్తుండదండి. ఇంటికాడ నేనే సెప్పాలి."

"ఆఖరికి ఊపిరి కూడా ఆవిణ్ణి పీల్చుకోనివ్వరన్నమాట!" డాక్టరు విసుగ్గా మందుల చీటీ రాసింది. "రోజూ పొద్దున్న టిఫిన్ తిన్నాక ఒక మాత్ర. పదిహేను రోజులయ్యాక రండి. ఈసారి ఆవిడ ఒక్కతే లోపలికి రావాలి."

"ఒక్కతేనా!" తాతబ్బాయి ముఖం పాలిపోయింది.

బయట బెంచీ మీది ముసలమ్మ చిన్నమ్మలు చెయ్యి పట్టుకుంది. "పని మానుకుని మొగుడు తోడొచ్చేడు. అదురుష్టవంతురాలివే, అమ్మా."

"నా పాటి అదురుష్టం ఎవులికుంటాదిలే, మామ్మా," అని చెయ్యి విడిపించుకుని, చిన్నమ్మలు గబగబా మెట్లు దిగింది.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ ఇడ్లీ తిన్నారు. చిన్నమ్మలు వీధి తలుపు గొళ్ళెం పెట్టి, అట్టలోంచి మొదటి మాత్ర తీసి, గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

తాతబ్బాయి మాత్ర మింగాడు.

— బొడ్డేడ కాసులమ్మ, అరవై ఆరేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది గవరపాలెం, అనకాపల్లి.