ప్రీమియం కాపురం

"ఆ పువ్వులు మీరే సెలెక్ట్ చేశారా, లేదా? ఒక్క ముక్కలో చెప్పండి."

ఆమె చేతిలో భర్త ఫోను. గుమ్మం పక్కన సర్దిన పెట్టె. సోఫాలో కూర్చున్న భర్త టైల్స్ షోరూం మేనేజరు. పగిలిన టైలు పట్టుకుని దెబ్బలాటకొచ్చిన కస్టమర్‌ని చూసి నవ్వినట్టే నవ్వాడు.

"ఎవరు సెలెక్ట్ చేస్తే ఏముంది బుజ్జీ, పంపింది నేనేగా."

"మీరు కాదు, మీ కార్డు." పోయిన నెల మెసేజ్‌ని పైకి చదివింది. "'సార్, మీరు అడిగిన పని పూర్తయింది. లిల్లీ పువ్వులు, క్షమాపణ చీటీ మేడమ్‌కి అందాయి.' లిల్లీలు దగ్గరుంటే నాకు తుమ్ములు ఆగవని తెలీదా? పెళ్లయి ఎనిమిదేళ్లయింది!"

అసలు మంట తుమ్ముల గురించి కాదు, ఆ చీటీ గురించి. 'నీ అలక కూడా నాకిష్టమే' అని రాసి ఉన్న ఆ కాగితం ముక్కని, తను పనిచేసే కళ్లద్దాల షాపులో కౌంటరు సొరుగులో దాచుకుంది. ఖాళీ దొరికినప్పుడల్లా తీసి చదువుకుంది. ఎవరో జీతానికి రాసిన మాటకి పిచ్చిదానిలా మురిసిపోయింది. తలుచుకుంటేనే ఒళ్లు మండిపోతోంది.

"ప్రీమియం క్రెడిట్ కార్డంటే ఊరికే ఇస్తారనుకున్నావా?" మేనేజరు షోరూం గొంతులోకి దిగాడు. "ఎయిర్‌పోర్టు లాంజిలో కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు. ప్రమాదం జరిగితే బీమా. పెట్టిన ప్రతి ఖర్చుకీ పాయింట్లు. ఫోన్ చేస్తే చాలు, ఏ పనైనా చేసిపెట్టడానికి అసిస్టెంటు."

"మనం విమానం ఎక్కి ఎన్నాళ్లయింది? ఏటా అంత ఫీజు! ఆ ఫీజు మాఫీ అవుతుందని అక్కర్లేనివన్నీ కొనడం! ఇంట్లో ఉన్నది ఇద్దరం, మిక్సీలు మూడు!"

"ఆ పెట్టె మాత్రం ఫ్రీగా వచ్చింది. పాయింట్లతోనే," అన్నాడు గుమ్మం వైపు చూపిస్తూ.

"అవును. మా అక్క దగ్గరికి పోవడానికి పనికొచ్చింది. మీ కార్డు వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే."

అతని నవ్వు ఆగిపోయింది.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"వినమంటున్నాను. ఫోను చూడకుండా, మధ్యలో లేవకుండా, నేను చెప్పేదంతా ఒక్కసారి వినండి. వింటే ఉంటాను. లేదంటే పోతాను."

"వింటాలే. ముందు నువ్వు శాంతించు."

"శాంతించను! ముందు ఆ అసిస్టెంటుకి ఫోన్ చేసి కడిగేస్తాను. నా మొగుడి బదులు నాకు క్షమాపణ రాయడానికి తనెవరట?"

"సరే, చెయ్యి. కాసిని మంచినీళ్లు తాగి మరీ చెయ్యి."

ఆమె చేతిలోంచి తన ఫోను తీసుకుని, బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. వినమని నోరు తెరిచి అడిగి నిమిషం కాలేదు, లేచిపోయాడు! ఏం మనిషి? నీళ్లు తాగిందే గానీ ఆమె కోపం ఇసుమంతైనా దిగలేదు. టేబుల్ మీదున్న అతని పర్సులోంచి కార్డు తీసి, వెనకున్న నంబరుకి తన ఫోన్‌లోంచి చేసింది. సంగీతం వినిపించి సతాయిస్తారనుకుంది. మొదటి రింగుకే ఎత్తారు.

"చెప్పండి మేడమ్." ఆడగొంతు. కార్డు నంబరు కూడా అడగలేదు.

"సిగ్గుందా మీకు? మొగుడూ పెళ్లాల మధ్య దూరి ఉత్తరాలు రాస్తారా?"

"పొరపాటు మాదే మేడమ్. లిల్లీలు మీకు పడవని కనుక్కోవలసింది. కానీ, మీ బాధ లిల్లీల గురించి కాదేమో."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మేడమ్ అంటే పరాయిగా ఉంది. అక్కా అననా? చెప్పండక్కా. ఎంతసేపైనా వింటాను."

అంతే, కడుపులో ఉన్నదంతా కక్కేసింది. రోజంతా పదిమంది కళ్ల సంగతి కనుక్కుని ఇంటికొస్తే, నీ సంగతేంటని అడిగే దిక్కు లేదంది. కడుపు నిలవక ఆస్పత్రిలో పడుకున్న రోజున మొగుడు రాలేదనీ, పళ్లబుట్ట వచ్చిందనీ చెప్పింది.

"ఆ బుట్టా మీరే పంపి ఉంటారు."

"క్షమించండక్కా," అంది ఆ అమ్మాయి, మెల్లగా.

ఆమె ఏడ్చింది. తిట్టింది. మళ్లీ ఏడ్చింది. ఆ అమ్మాయి ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు.

"ఈ మాటలన్నీ ఆయనకే చెప్పండక్కా. ఆ పెట్టె ఇవాళ్టికి లోపల పెట్టెయ్యండి. ఒక్క అవకాశం ఇచ్చి చూడండి."

ఫోన్ పెట్టేసేసరికి గుండె తేలికైంది. ముక్కూ మొహం తెలియని పిల్ల, సొంత మొగుడికి లేని ఓపిక ఎంత చూపించింది! అనవసరంగా నోరు పారేసుకున్నానని నొచ్చుకుంది. పెట్టెలోని బట్టలు తీసి బీరువాలో పెట్టింది. రెండు కప్పుల టీ పెట్టింది.

మేనేజరు బాల్కనీలోంచి వచ్చాడు. గుమ్మం వైపు ఓసారి చూశాడు. ఫోను టేబుల్ మీద పెట్టి, "మొహం కడుక్కుని వస్తాను. ఇవాళ నువ్వు చెప్పేదంతా వింటాను," అన్నాడు.

ఎక్కడ మొదలుపెట్టాలా అనుకుంటూ ఆమె టీ కప్పు అతని కుర్చీ వైపు జరిపింది. పక్కనే అతని ఫోను వెలిగింది.

'సార్, మీరు అడిగిన పని పూర్తయింది.'