ఏడున్నర పూజ

అపార్ట్‌మెంట్ కింది అంతస్తులోని క్లబ్ బాత్రూంలో, అద్దం ముందు నిలబడి, మృత్యుంజయ నుదుటి మీద విభూతి మూడు గీతలు పెట్టుకున్నాడు. రెండోది వంకరపోయింది. తుడిచి మళ్లీ పెట్టాడు. ప్యాంటూ చొక్కా మడిచి సంచిలో కుక్కాడు. పంచె బిగించి, జంధ్యం సరిచేసుకుని బయటికొచ్చాడు.

లిఫ్టు దగ్గర రఘురాం సూట్‌కేసుతో నిలబడి ఉన్నాడు.

రఘురాం హేతువాద సంఘం కార్యదర్శి. ఉండేది హౌరాలో. ఏడాదిగా విశాఖలో కూతురి దగ్గరున్నాడు. "మృత్యుంజయగారు దేవుడి పాలబడ్డారు" అని ఎవరో ఫోన్ చేస్తే నమ్మలేదు. కళ్లారా చూద్దామని, రైలు దిగి ఇల్లైనా చేరకుండా న్యూ టౌన్‌లోని ఈ అపార్ట్‌మెంట్‌కి వచ్చేశాడు.

"ఏట్రా ఈ వేషం?" అన్నాడు.

మృత్యుంజయ ముప్ఫై అయిదేళ్లు ఫిజిక్స్ పాఠం చెప్పినవాడు. ఏ ప్రశ్నకూ తడుముకోని మనిషి. ఇప్పుడు తల దించుకున్నాడు.

"యాభై ఏళ్ల కిందట హౌరా ఫెర్రీ మీంచి జంధ్యం తెంపి హుగ్లీలో పడీసినోడివి. పక్కన నిలబడి నేను చప్పట్లు కొట్టాను. మళ్లీ కొనుక్కున్నావేటి?"

"కాళీఘాట్‌లో దొరుకుతాయి."

ఆ జవాబుకి మృత్యుంజయకే సిగ్గేసింది.

"మా చెల్లెమ్మ నలభై ఏళ్లు బతిమాలింది కదరా, ఒక్క దేవుడి పటం పెట్టుకుంటానని! అప్పుడు లేని భక్తి ఇప్పుడెవరి కోసం?"

అది గుచ్చుకుంది. పెళ్లైన కొత్తలోనే, నా ఇంట్లో దేవుళ్లు వద్దని చెప్పేశాడు. భార్య జ్ఞానప్రసూన బతిమాలడమే తప్ప ఎదురు చెప్పలేదు. ఆయన కాలేజీకి వెళ్లాక, చీరల వెనక దాచిన లక్ష్మీదేవి పటం తీసి దండం పెట్టుకునేదని రిటైరయ్యాకే తెలిసింది. తెలిసినా ఒక్క మాట అనలేదు. క్షమించమని కూడా అడగలేదు. అడగవలసిన రోజుల్లో అడగలేదు.

"కూర్చో. మాట్లాడాలి" అన్నాడు రఘురాం.

"ఏడున్నరవుతోంది. పైకెళ్లాలి."

"ఏం, దేవుడు బయోమెట్రిక్ పెట్టాడేటి?"

ఇంకెప్పుడైనా అయితే ఇద్దరూ పగలబడి నవ్వేవారు. ఇంత పెద్ద ఊళ్లో తనను తెలుగులో తిట్టే మనిషి రఘురాం ఒక్కడే. చెప్పేద్దామని నోరు తెరిచాడు. పైకి అనేస్తే నిజమైపోతుందేమో అనిపించింది. మూసేశాడు.

ఈ ఏడాదంతా ఫోన్లోనూ అంతే. ఏమడిగినా "బాగున్నాం" అనేవాడు. పైన ఉండలేక, ఇల్లు పనిమనిషికి అప్పజెప్పి, పగలంతా పార్కు బెంచీ మీద కూర్చునేవాడు. రాత్రిళ్లు భార్య నిద్రపోయాక హాల్లో సోఫా మీద పడుకుని, తెల్లవారకముందే దిగిపోయేవాడు. రోజు మొత్తానికి ఆ పూజ జరిగే గంటసేపే ఆయనకు దక్కేది. ఫోన్ చూసి లక్ష్మీ అష్టోత్తరం బట్టీ పట్టాడు. నూటెనిమిది నామాల్లో ఒక్కదాన్నీ నమ్మలేదు. సంకల్పంలో గోత్రం చెప్పి, తన పేరు తనే చదివేటప్పుడు మాత్రం తలెత్తి చూసేవాడు.

"వచ్చే నెల సభకి నువ్వు అధ్యక్షుడివి. ఆ లిఫ్టెక్కావంటే సభకి రావద్దు. మా ఇంటికీ రావద్దు."

మృత్యుంజయ స్నేహితుడి వైపు చూశాడు. తరవాత లిఫ్టెక్కాడు.

తలుపులు మూసుకునేలోగా రఘురాం సూట్‌కేసు అడ్డం పెట్టి తనూ దూరాడు.

"ఆ దేవుడెవడో చూసే పోతాను."

ఎనిమిదో అంతస్తు. మృత్యుంజయ ఉత్తరీయం సర్దుకుని కాలింగ్ బెల్ నొక్కాడు.

"నీ ఇంటికి నువ్వు బెల్ కొట్టుకోడమేట్రా? తాళంచెవి లేదా?"

ఉంది. సంచిలో, ప్యాంటు జేబులో ఉంది.

తలుపు తెరుచుకుంది. జ్ఞానప్రసూన తలంటుకుని, పట్టుచీర కట్టుకుని ఉంది. లోపలి నుంచి అగరొత్తుల వాసన వస్తోంది.

"చెల్లెమ్మా, నువ్వయినా చెప్పమ్మా వీడికి..." అనబోయాడు రఘురాం.

ఆమె అతనికేసి చూడలేదు. మృత్యుంజయకు రెండు చేతులూ జోడించి, వరండా అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అంది:

"త్వరగా రండి పంతులుగారూ, మా ఆయనకి ఇవి గిట్టవు, కాలేజీ నుంచి వచ్చేలోగా కానిచ్చేయండి."